వ్యాపార వాఙ్మయంలో బంధుత్వ భాష

సాహిత్య విమర్శకుడికి వ్యాపార ప్రకటనలతో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. కావ్యం వేరు, కరపత్రం వేరు. ఒకటి హృదయానికి సంబంధించింది, రెండవది జేబుకు సంబంధించింది అనేది వారి అభిప్రాయం. ఈ విభజన చూడడానికి చక్కగా ఉంటుంది గాని, ఆచరణలో నిలవదు. జేబు దగ్గరికి పోవాలంటే హృదయం మీదుగానే దారి వేయాలని వ్యాపారం ఏనాడో తెలుసుకున్నది. భాషతో మనసును కదిలించే పని ఎక్కడ జరుగుతున్నా అక్కడ విమర్శకుడికి పని ఉంటుంది. ఇంగ్లండులో లీవిస్, డెనిస్ థాంప్సన్ 1933లోనే ప్రకటనలను తరగతి గదిలో శ్రద్ధగా చదివించాలని పుస్తకం రాశారు. రేమండ్ విలియమ్స్ 1960లో వ్యాపార ప్రకటనను ఒక ఇంద్రజాల వ్యవస్థగా పరిశీలిస్తూ వ్యాసం ప్రచురించాడు. వీరంతా సాహిత్యం బోధించినవారే.

మన విమర్శ ప్రబంధాలను చూసింది, భావకవిత్వాన్ని చూసింది, నవలను, సినిమా పాటను కూడా విడిచిపెట్టలేదు. కాని ఇవాళ ఫోను చేతిలో ఉన్న తెలుగువాడు ప్రొద్దున లేచింది మొదలు చదువుతున్నది వీటిలో ఏదీ కాదు. సెల్‌ఫోను తెర మీద ఒకటి రెండు వాక్యాల్లో వచ్చి పడే వ్యాపార సందేశం అది. దానికి కర్త పేరుండదు, పీఠిక ఉండదు, ముద్రణ సంవత్సరం ఉండదు. ఐనా దానికొక వస్తువుంది, ఒక శిల్పముంది, ఒక జీవితదృక్పథం కూడా ఉంది. వస్తువు దాదాపు ఎప్పుడూ ఒకటే: బంధం. మన పుట్టినరోజు గుర్తుంచుకుని శుభాకాంక్షలు చెబుతుంది. నాలుగు వారాలు కనపడకపోతే బెంగ పెట్టుకున్నామంటుంది. తమ కుటుంబంలో మనమొకరమంటుంది. ఇంటి ఆడపడుచుకు కూడా దొరకనంత ఆప్యాయత సబ్బులు, షూలు, బీమా పాలసీలు అమ్మేవారి నుంచి దొరుకుతున్నది. ఇంతటి ఆప్యాయత ఎక్కడినుంచి వచ్చిందో, దాని వెనుక ఏమున్నదో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ఆప్యాయతకు ఒక శాస్త్రం ఉంది. హార్వర్డు విశ్వవిద్యాలయం వారి వ్యాపార పత్రికలో థియొడోర్ లెవిట్ 1960లో ఒక వ్యాసం రాసి, వ్యాపారం అమ్మేవాడి అవసరం నుంచి కాక కొనేవాడి అవసరం నుంచి మొదలు కావాలని వాదించాడు. 1983లో లెనర్డ్ బెర్రీ ‘సంబంధాల మార్కెటింగు’ అనే మాటను ప్రవేశపెట్టాడు. కొత్తవాణ్ణి రప్పించడం మొదటి మెట్టు మాత్రమే, వచ్చినవాణ్ణి నిలుపుకోవడం అసలు పని అని దాని సారాంశం. అదే సంవత్సరం లెవిట్ మరొక వ్యాసంలో అమ్మకాన్ని పెళ్లితో పోల్చాడు. అమ్మకంతో ప్రణయఘట్టం ముగిసి కాపురం మొదలవుతుందనీ, ఆ కాపురం సజావుగా సాగడం అమ్మినవాడి నేర్పు మీద ఆధారపడి ఉంటుందనీ అన్నాడు. 1990లో రైక్‌హెల్డ్, సాసర్ అనే ఇద్దరు ఈ కాపురానికి లెక్క కట్టారు. విడిచిపోయేవారిని నూటికి 5గురి మేరకు తగ్గించగలిగితే వ్యాపారాన్నిబట్టి లాభాలు 25 నుంచి 85 శాతం దాకా పెరుగుతాయని తేల్చారు. అప్పటినుంచి బంధం అనే మాట ఉపమానంగా ఉండడం మాని ఆదాయపు పద్దుగా మారింది.

ఈ సిద్ధాంతంలో మంచి ఏమీ లేదని నేననను. కొన్నవాడి గోడు వినమనీ, పాడైన సరుకు మార్చి ఇమ్మనీ, ఒక్క బేరంలో ముంచి పారిపోవద్దనీ చెప్పడం మంచిదే. ‘అమ్మడమే నా పని, ఏడవడం నీ పని’ అనే పాత ధోరణి కంటే ఇది మెరుగు. అంతవరకు నాకు తగవు లేదు. నా తగవు ఈ శాస్త్రం ఎంచుకున్న భాషతో, ఆ భాష కప్పిపెట్టే వాస్తవంతో.

మన ఆలంకారికులు ఉపదేశాన్ని మూడు విధాలుగా విభజించారు. మమ్మటుడి కావ్యప్రకాశం చదివినవారికి ఇది తెలిసిన సంగతే. వేదం ప్రభువులాగా ఆజ్ఞాపిస్తుంది, అది ప్రభుసమ్మితం. పురాణం స్నేహితుడిలాగా మంచిచెడ్డలు చెబుతుంది, అది మిత్రసమ్మితం. కావ్యం ప్రియురాలిలాగా మనసును లోబరచుకుని మెల్లగా తన దారికి తిప్పుకుంటుంది, అది కాంతాసమ్మితం. ఈ మూడు మెట్లూ వ్యాపార ప్రకటన చరిత్రకు చక్కగా అతుకుతాయి. ‘ఇదే కొనండి, నకిలీలను నమ్మి మోసపోకండి’ అని గోడల మీద పెద్ద అక్షరాలతో గద్దించిన దశ ప్రభుసమ్మితం. తెల్లకోటు వేసుకున్న వైద్యుడో, పొరుగింటి ఇల్లాలో వచ్చి అనుభవం చెప్పిన దశ మిత్రసమ్మితం. పేరు పెట్టి పిలిచి, నీ ఇష్టాయిష్టాలు నాకు తెలుసుననీ, నువ్వు లేక నాకు తోచడం లేదనీ చెప్పే నేటి దశ కాంతాసమ్మితం. కావ్యానికి మన పెద్దలు ఇచ్చిన గౌరవస్థానాన్ని వ్యాపార సందేశం ఆక్రమించుకున్నది.

ఐతే కావ్యం విషయంలో ఆ ఉపమానం న్యాయమైంది. కావ్యం చదివినవాడు చివరికి మారేది తనకోసమే. కవికి దానివల్ల చేయి తడిసేది ఏమీ లేదు. ఇక్కడ లాభం పొందేది మాట్లాడేవాడే. అందువల్లనే ఈ వాఙ్మయంలో ఒక రసభంగం ఉంది. పై పొరలో శృంగారం, వాత్సల్యం. లోపలి పొరలో యుద్ధం. వ్యాపారులు కొనేవాడితో మాట్లాడేటప్పుడు వాడే మాటలు ఒకరకం, కొనేవాణ్ణి గురించి తమలో తాము మాట్లాడుకునేటప్పుడు వాడే మాటలు మరొకరకం. కొనేవాడు వారికి ‘టార్గెట్’, అంటే గురి. వాణ్ణి పట్టుకునే ప్రయత్నం ‘క్యాంపెయిన్’, అంటే దండయాత్ర. వాడు వేరే దుకాణానికి పోతే అది ‘డిఫెక్షన్’, అంటే ఫిరాయింపు. శత్రుశిబిరంలోకి దూకిన సైనికుడికి వాడే మాట. వాడు పోకుండా ఉంటే దానికి పేరు ‘లాయల్టీ’. ఈ చివరి మాట మీద పాఠకులు కొంచెం నిలవాలని నా మనవి. లాయల్టీ అంటే స్నేహం కాదు, ప్రేమ కాదు. సామంతుడు రాజుకు చూపవలసిన విధేయత. ఇందులో విధేయత ఎప్పుడూ కొనేవాడి వంతే. ధర పెంచినప్పుడు, నాణ్యం తగ్గించినప్పుడు సంస్థ కొనేవాడికి విధేయంగా లేదని ఏ పాఠ్యగ్రంథమూ బాధపడదు.

మరొక మాట ‘లైఫ్‌టైమ్ వాల్యూ’. ఒక మనిషి తన కొనుగోలు జీవితం మొత్తంలో ఒక సంస్థకు ఎంత లాభం తెచ్చిపెడతాడనే అంచనా ఇది. పెద్దలు మనల్ని చూసి నూరేళ్లు వర్ధిల్లమని దీవిస్తారు. ఈ శాస్త్రం మనల్ని చూసి ఇంకా ఎన్నేళ్లు కొంటావని లెక్క వేస్తుంది. రెండూ మన ఆయుష్షు మీద శ్రద్ధే!

మార్క్స్, ఎంగెల్స్ 1848లో రాసిన ప్రణాళికలో, పెట్టుబడిదారీ వర్గం మనుషుల మధ్య ఉన్న పాత బంధాలన్నిటినీ తెంపివేసి, కేవలం రొక్కపు లావాదేవీని మిగిల్చిందని చెప్పారు. కుటుంబం మీద ఉండిన భావుకతా తెరను కూడా అది చింపివేసిందన్నారు. ఆ పరిశీలన నేటికీ సత్యమే. కాని చరిత్ర ఆ తరువాత మరొక అడుగు వేసింది. చింపివేసిన తెరను వ్యాపారం పారవేయలేదు. దాన్ని ఉతికి, రంగువేసి, తిరిగి తన మీదనే కప్పుకున్నది. బంధువులు తగ్గిన ఊళ్లలో, ఇరుగుపొరుగు ముఖాలు తెలియని అపార్టుమెంట్లలో, పరాయి నగరంలో అద్దెగదిలో ఒంటరిగా ఉన్న యువకుడి దగ్గరికి అర్ధరాత్రి వచ్చి ‘తిన్నావా’ అని అడిగేది అన్నం అమ్మే ఆప్. ఈ ప్రశ్నకు శక్తి ఎక్కడినుంచి వచ్చింది? ఆ మాట తల్లి అడిగేది కాబట్టి వచ్చింది. తల్లి దగ్గర అరువు తెచ్చుకున్న మాట అది. ఆ అరువు తీర్చే ఉద్దేశం దానికి లేదు.

నిలకడైన కొనుగోలు సంబంధానికి పేరు పెట్టడానికి మనం 1983 దాకా ఆగవలసిన అవసరం లేకపోయింది. తెలుగులో ‘వాడుక’ అనే చక్కని మాట ఉంది. వాడుక పాలు, వాడుక పువ్వులు, వాడుకగా బట్టలు ఉతకడం – ఇవన్నీ నిత్యవ్యవహారాలు. కొనే మనిషికే కోస్తాలో ‘బేరం’ అనీ, తెలంగాణాలో ‘గిరాకీ’ అనీ పేరు. తొలి బేరం బోణీ. చేతిలో డబ్బు లేనినాడు అరువు, ఉద్దెర. తూకం ముగిసిన తరువాత పైన వేసేది కొసరు. ఈ మాటల్లో ఒక్కటి కూడా తాను చుట్టమని చెప్పుకోదు. బేరం బేరమే. ఐనా వాడుకలో ఒక మానవసంబంధం ఏర్పడేది. దానికి కారణం ఎరుక రెండువైపులా ఉండడం. మన ఇంటికి చుట్టాలొచ్చిన సంగతి వాడుక పాలు పోసే ఆమెకు తెలుసు. ఆమె గేదె ఈనిన సంగతి మనకు తెలుసు. పాలలో నీళ్లు కలిపిందేమోనని మనకు అనుమానం. నెలాఖరుకు డబ్బు సరిగా ఇస్తామో లేదోనని ఆమెకు అనుమానం. అనుమానం కూడా సమానంగానే పంచుకున్నారు.

కొసరునూ, నేటి ‘రివార్డు పాయింటు’నూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా బోధపడుతుంది. కూరగాయలమ్మే ఆమె తూకం అయిన తరువాత రెండు పచ్చిమిరపకాయలు, ఒక కొత్తిమీర రెమ్మ సంచిలో వేస్తుంది. దాన్ని అడగడం హక్కు కాదు, ఇవ్వడం బాధ్యతా కాదు. ఐనా అడుగుతారు, ఇస్తారు. కొసరు పడడంతో బేరం ముగుస్తుంది. రేపు మనం పక్క గంప దగ్గర కొన్నా ఆ కొత్తిమీరను వెనక్కి అడగరు. పాయింటు అట్లా కాదు. అమెరికాలో 1896 నుంచి దుకాణాలు ఇచ్చిన ఆకుపచ్చ స్టాంపులలోనూ, 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్సు మొదలుపెట్టిన ప్రయాణపు మైళ్ల పథకంలోనూ, ఇంగ్లండులో టెస్కో దుకాణాలు 1995లో ప్రవేశపెట్టిన క్లబ్ కార్డులోనూ ఒకే సూత్రం ఉంది. ఇచ్చినట్టే ఉంటుంది, చేతికి రాదు. తిరిగి కొంటేనే దానికి విలువ. చాలా పథకాల్లో దానికి గడువు కూడా ఉంటుంది. కొసరు బేరాన్ని ముగిస్తుంది. పాయింటు బేరాన్ని ముగియనివ్వదు. పైగా కార్డు పుచ్చుకున్నవాడు తాను ఏ రోజు ఏమి కొన్నాడో ఆ చిట్టా మొత్తం సంస్థ చేతికి ఇస్తాడు. క్లబ్ కార్డు ప్రయోగదశలో 3 నెలల సమాచారం చూసి, 30 యేళ్లలో తనకు తెలియనిది ఇందులో తెలిసిందని టెస్కో అధ్యక్షుడు ఆశ్చర్యపోయాడని చెబుతారు. అతనికి కొనేవారిని గురించి అంత తెలిసింది. కొనేవారికి అతన్ని గురించి కొత్తగా తెలిసిందేమీ లేదు. ఎరుక ఒకవైపే పెరిగింది. ఒకవైపే ఉండే ఎరుకకు బంధుత్వమనే పేరు తగదు. దానికి నిఘా అని పేరు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అభ్యుదయవాదులు పాత పచారీ కొట్టును స్వర్గంగా చూపిస్తున్నారా అని అడగవచ్చు. అడగవలసిందే. ఆ కొట్టు అరుగు ఎవరు ఎక్కవచ్చునో, ఎవరు వీధిలో నిలబడి చేతులు చాచాలో కులం నిర్ణయించేది. దళితుడికి సరుకు చేతికి అందించేవారు కాదు, పైనుంచి వేసేవారు. కొట్టు యజమానికి తెలిసిన మన ఇంటి సంగతులు ఊరందరికీ తెలిసేవి. అరువు పుస్తకంలో అంకెలు చదువురాని వాడికి చదివి వినిపించేవాడు ఆ యజమానే. కులం అడగని, అందరికీ ఒకే ధర చెప్పే దుకాణం రావడం నిశ్చయంగా ముందడుగు. ఆ అడుగు వెనక్కి తీసుకోవాలని నేను కోరడం లేదు.

పైగా మృదువైన బంధం ఎంత కఠినంగా ఉండగలదో మన సాహిత్యం చూపించే ఉంది. 1960 దశకంలో కాళీపట్నం రామారావుగారు రాసిన ‘యజ్ఞం’ కథలో అప్పు ఇచ్చినవాడు రాక్షసుడు కాడు. తీర్పు చెప్పే పెద్దమనిషి కర్కోటకుడూ కాడు. అందరూ ధర్మం మాట్లాడతారు, అందరూ మర్యాదస్తులే. ఐనా ఆ మర్యాద చివరకు ఒక దళిత కుటుంబాన్ని తరతరాల వెట్టిలోకి నెట్టబోతుంది. మాట మెత్తగా ఉన్నంత మాత్రాన సంబంధం మెత్తగా ఉండదని ఆ కథ మనకు నేర్పింది. అందువల్ల నేను పాత వాడుకను కొత్త ఆప్‌కు ఎదురుగా దేవతలాగా నిలబెట్టడం లేదు. రెండింటికీ ఒకే గీటురాయి పెడుతున్నాను: ఈ సంబంధంలో బలం ఎవరి చేతిలో ఉంది? మాట ఆ బలాన్ని చూపిస్తున్నదా, దాస్తున్నదా? కొట్టు యజమాని బలం కళ్లకు కనపడేది. దాన్ని తిట్టవచ్చు, ఎదిరించవచ్చు. నేటి బలం ప్రియవచనం వెనక ఉండి కనపడదు.

ప్రియవచనం గురించి మాట్లాడేటప్పుడు తెలుగు పాఠకుడికి గిరీశం గుర్తురాక మానడు. 1897లో అచ్చయి, 1909లో తిరగరాసిన రూపం పొందిన కన్యాశుల్కంలో గురజాడ సృష్టించిన ఈ మనిషి, నేటి వ్యాపారశాస్త్రం బోధించే విద్యలన్నీ ముందే నేర్చినవాడు. వెంకటేశంతో చుట్టల స్నేహం. అగ్నిహోత్రావధాన్లతో కోర్టు కాగితాల సాయం. బుచ్చమ్మతో వితంతు వివాహ ప్రసంగం. పూటకూళ్లమ్మ దగ్గర ఒక వేషం, సౌజన్యారావు పంతులు దగ్గర మరొక వేషం. ఎదటి మనిషికి ఏమి కావాలో పసిగట్టి, అది తానే అన్నట్టు నిలబడడం అతని కళ. దీన్నే ఇవాళ ఒక్కొక్కరికి ఒక్కొక్క సందేశం పంపే విద్య అంటున్నారు.

అదే నాటకంలో మధురవాణి ఉంది. బంధాన్ని డబ్బుకు ఇవ్వడమే ఆమె వృత్తి. ఐనా వృత్తి వృత్తి అని ఆమెకు తెలుసు. ఎదటివాడికీ ఆ సంగతి తెలిసేటట్టే మాట్లాడుతుంది. అందువల్లనే ఆమె మాటలో వ్యంగ్యం ఉంది గాని వంచన లేదు. గిరీశం తన అవసరాన్ని ప్రేమగా, సంస్కరణగా, గురుత్వంగా వేషం కట్టిస్తాడు. బేరాన్ని బేరమని ఒప్పుకునే మనిషి కంటే బేరాన్ని బంధమని చెప్పే మనిషి ప్రమాదకారి అని గురజాడ నిర్ణయం. నా నిర్ణయమూ అదే.

ఐతే గురజాడ నాటకానికీ, మన ఫోనుకూ ఒక భేదం ఉంది. గిరీశం బుచ్చమ్మతో ఏమన్నాడో, పంతులుతో ఏమన్నాడో ప్రేక్షకులం అన్నీ వింటాం. అన్నీ వింటాం కాబట్టే నవ్వగలుగుతాం. ఫోనులో ఎవరి గిరీశం వారికే వినపడతాడు. నాకు పంపిన మాట మీరు చూడరు, మీకు చూపిన ధర నాకు తెలియదు. ప్రేక్షకుడు లేని నాటకం ఇది. ప్రతివాడూ అందులో ఒంటరి పాత్రే.

ఈ ప్రియవచనం నిజస్వరూపం ఎప్పుడు బయటపడుతుంది? విడిపోదామన్నప్పుడు. ఏ బంధానికైనా అదే పరీక్ష. దీనికి ఒక చక్కని ఉదాహరణ అమెరికా ప్రభుత్వ రికార్డులోనే ఉంది. అమెజాను సంస్థ ప్రైమ్ అనే సభ్యత్వాన్ని 2005లో అక్కడ ప్రవేశపెట్టింది. ఆ సభ్యత్వంలోకి జనాన్ని వారి స్పష్టమైన అంగీకారం లేకుండా చేర్చుకుంటున్నదనీ, మానుకోదలచినవారికి అడ్డంకులు పెడుతున్నదనీ అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 జూన్‌లో దావా వేసింది. చేరడానికి ఒకటి రెండు నొక్కులు చాలు. మానుకోవడానికి 4 పేజీలు, 6 నొక్కులు, 15 ఎంపికలు దాటాలని ఫిర్యాదులో రాశారు. ఈ నిష్క్రమణ మార్గానికి సంస్థలో లోపలివారు పెట్టుకున్న పేరు ‘ఇలియడ్’ అని ఆ ఫిర్యాదే చెబుతున్నది. హోమరు మహాకావ్యం! పదేళ్ల ట్రోజన్ యుద్ధపు కథ! బయట కాపురమని చెప్పే చోట లోపల యుద్ధమని రాసుకున్నారన్న నా మాటకు ఇంతకంటే సాక్ష్యం నేను కోరను. సాహిత్యం చదువుకున్నవాడెవడో అక్కడ ఉద్యోగంలో ఉండి ఉంటాడు. అతని చమత్కారానికి నవ్వు వస్తుంది, ఆ చమత్కారం ఎవరి మీద ప్రయోగించారో తలచుకుంటే నవ్వు ఆగిపోతుంది. 2025 సెప్టెంబరులో రాజీ కుదిరింది. తప్పు ఒప్పుకోకుండానే సంస్థ 250 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. అందులో 100 కోట్లు జరిమానా, 150 కోట్లు కొనుగోలుదారులకు తిరిగి ఇవ్వవలసిన సొమ్ము.

ఇటువంటి ఎత్తులకు హ్యారీ బ్రిగ్నల్ అనే ఆంగ్లేయుడు 2010లో ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టాడు. చీకటి పన్నుగడలు అందాం. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ 2023 నవంబరులో వీటిని నిషేధిస్తూ మార్గదర్శకాలు వెలువరించి, 13 రకాలను పేర్కొన్నది. లేని తొందరను కల్పించడం, బుట్టలోకి తెలియకుండా సరుకు చేర్చడం, వదలకుండా వేధించడం వాటిలో కొన్ని. సాహిత్య విద్యార్థిగా నన్ను ఎక్కువ ఆకర్షించింది ‘సిగ్గుపరచి ఒప్పించడం’. విమాన టికెట్టు కొనేవాడు బీమా వద్దంటే, తాను రక్షణ లేకుండానే ఉంటానని తానే చెబుతున్నట్టుగా ఒక వాక్యం రాసిపెట్టి దాన్ని నొక్కమంటారు. వాక్యం రాసింది సంస్థ. అందులో ‘నేను’ కొనేవాడు. నాటకకర్త పాత్ర నోట మాట పెట్టడం మనకు తెలుసు. ఇక్కడ బతికి ఉన్న మనిషి నోట అతన్ని అతనే తిట్టుకునే మాట పెడుతున్నారు. ప్రథమపురుష, మధ్యమపురుష, ఉత్తమపురుష అని మేము వ్యాకరణంలో చెప్పే భేదం ఇంత డబ్బు చేస్తుందని నా విద్యార్థులకు చెబితే పాఠం మీద వారికి గౌరవం పెరుగుతుందనుకుంటాను.

2023లోనే వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం, అంగీకారం ఇవ్వడం ఎంత సులువో ఉపసంహరించుకోవడమూ అంత సులువుగా ఉండాలని చెబుతున్నది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. ప్రభుత్వానికి ఈ చట్టం ఇచ్చిన మినహాయింపుల మీద విమర్శలున్నాయి. అది వేరే చర్చ. రావడమూ పోవడమూ ఒకే కొలతతో ఉండాలన్న సూత్రం మాత్రం సరియైనది. అది చట్టసూత్రమే కాదు, మంచి వాడుకకు లక్షణం కూడా.

ఈ నాటకంలో మరొక పాత్ర ఉంది. కొనేవాడి గుమ్మం దాకా వచ్చి, నవ్వి, సంచి అందించి పోయే డెలివరీ కుర్రవాడు. సంస్థ మాట్లాడే ఆప్యాయతకు శరీరం అతనే. రైక్‌హెల్డ్ 2003లో ఒకే ఒక్క ప్రశ్నతో బంధాన్ని కొలిచే పద్ధతి ప్రచారం చేశాడు: ఈ సంస్థను మీ స్నేహితుడికి సిఫారసు చేస్తారా, 0 నుంచి 10 దాకా మార్కు వేయండి. 9, 10 వేస్తే ప్రచారకులు. 7, 8 ఉదాసీనులు. 6, అంతకు తక్కువ వేస్తే నిందకులు. మా విశ్వవిద్యాలయాలలో నూటికి 60 వస్తే ప్రథమశ్రేణి; అక్కడ అది నింద. ఇటువంటి కొలతలే చుక్కల రూపంలో పనివాడి మెడకు చుట్టుకుంటాయి. సంస్థ చేసిన ఆలస్యానికి, సంస్థ పెంచిన ధరకు కోపం వచ్చినవాడు చుక్క తగ్గించేది ఎదురుగా ఉన్న పనివాడికే. ఆ పనివాడితో సంస్థకు ఉన్న సంబంధం ఏమిటి? అతన్ని ఉద్యోగి అనరు, ‘భాగస్వామి’ అంటారు. లాభంలో భాగం లేని భాగస్వామి! కొనేవాణ్ణి కుటుంబసభ్యుడన్న నోటితోనే పనివాణ్ణి భాగస్వామి అన్నారు. మాటలు వేరైనా శిల్పం ఒకటే: హక్కు ఇవ్వవలసిన చోట చుట్టరికం ఇవ్వడం. రాజస్థాన్ 2023లో ఇటువంటి శ్రామికుల నమోదుకూ సంక్షేమానికీ చట్టం చేసింది. ఆ చట్టంలో ఆప్యాయత ఒక్క ముక్క లేదు. వారికి కావలసిందీ అది కాదు.

మరి నిలకడైన సంబంధం అసాధ్యమా? కాదు. 1844 డిసెంబరులో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో నేతపనివారు, మరికొందరు చేతిపనివారు, 28 మంది కలిసి ఒక కొట్టు తెరిచారు. కల్తీలేని సరుకు, సరియైన తూకం, మనిషికొక ఓటు వారి నియమాలు. ఎవరు ఎంత కొన్నారో ఆ మేరకు మిగులులో వాటా ఇచ్చేవారు. పైకి చూస్తే ఇదీ కొన్నవాడికి ఇచ్చే బహుమానమే. తేడా ఏమిటంటే అది పాయింటు కాదు, వాటా. ఆ కొట్టు అతనిదే. మన వరంగల్లు ప్రాంతంలో ములకనూరు రైతులు 1956లో పెట్టుకున్న సహకార సంఘం ఎరువులు, విత్తనాలు అమ్ముతుంది, అప్పు ఇస్తుంది, రైతు ధాన్యం కొంటుంది, ఈనాటికీ నడుస్తున్నది. దాని పూర్తి పేరులో ‘మార్కెటింగు’ అనే మాట ఉంది. అంటే ఆ మాటలో స్వతహాగా దోషం లేదు. ఎవరు ఎవరికోసం చేస్తున్నారనే దానిలో ఉంది. సహకార సంఘాలన్నీ ఇట్లాగే నిలిచాయని నేను చెప్పడం లేదు. ఎన్నో పెత్తందార్ల చేతుల్లో పడి చెడినాయి. కాని అక్కడ సభ్యుడు అనే మాటకు ఓటు అనే అర్థం ఉంది. అడగడానికి ఒక సమావేశం ఉంది. ఆప్‌లో సభ్యుడికి మిగిలింది ‘సరే’ అనే బొత్తాం ఒకటే.

విమర్శకులకు నా సూచన చిన్నది. ఈ సందేశాలను పోగుచేద్దాం. పది మంది విద్యార్థులు తమ తమ ఫోన్లలో ఒకే సంస్థ నుంచి ఒకే రోజు వచ్చిన మాటలను, చూపిన ధరలను నల్లబల్ల మీద వరసగా రాయనిద్దాం. క్రియ ఏది, కర్త ఎవరు, ఏ మాట ఏ బంధుత్వం నుంచి తెచ్చారు, కాదనడానికి వాక్యంలో చోటు ఉందా అని పద్యానికి ప్రతిపదార్థం చెప్పినట్టు చెప్పిద్దాం. ఒక్కొక్కరికి విడివిడిగా వినిపించిన గిరీశం మాటలను ఒకచోట చేర్చి అందరికీ వినిపించడమే ఇది. విన్నవారు నవ్వుతారు, ఆ నవ్వు తరువాత రావలసిన ప్రశ్నలు వారే అడుగుతారు. అమ్మ, కుటుంబం, నమ్మకం, తోడు – ఇవి శ్రమజీవులు కష్టసుఖాల్లో ఒకరికొకరు ఆసరా అవుతూ అర్థం నింపిన మాటలు. వాటిని సరుకు సంచికి అంటించే చీటీలుగా వదిలివేస్తే, రేపు మన కవి ఆ మాటలు వాడినప్పుడు పాఠకుడు దేనికి ఇది ప్రకటన అని అడుగుతాడు. ఆ పరిస్థితి రాకుండా చూడవలసిన బాధ్యత వ్యాపారులది కాదు, మనది.